కండల కారుకు కర్పూర హారతి

కార్తీకం వచ్చేసింది. పంచె నేనే కట్టుకుంటున్నాను, పెన్ను నేనే పట్టుకుంటున్నాను. అక్షరాలు మాత్రం గాలికి ఒరిగిన వరి చేనులా ఒక పక్కకి వాలిపోతున్నాయి. నా దస్తూరి మునుపూ అంత గొప్పదేం కాదు. ఇప్పుడైతే నేరం జబ్బు మీదికి తోసెయ్యడానికి వీలుంది.

విజయనగరం నుంచి శృంగవరపుకోట వెళ్లే రోడ్డు పక్క చిన్న శివాలయం ఒకటుంది. మా తాతగారు, నాన్నగారు, ఆ తరవాత నేను, మూడు తరాలుగా అక్కడే అర్చన. రోడ్డు పక్క గుడి కనక స్వామికి ఎన్ని అభిషేకాలో బళ్లకి అన్ని పూజలు. స్కూటరు నుంచి పదహారు చక్రాల లారీ దాకా నా చేత బొట్టు పెట్టించుకునే ఆ రోడ్డెక్కుతాయి. ఇంతా చేసి నాకు సైకిలు తప్ప ఏదీ నడపడం రాదు. ఈ యేడు కొన్నాళ్లు నన్ను నేను నడపడం కూడా రాలేదు.

ముందు మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. హారతి పళ్లెం తిప్పడం అయ్యాక, చివర్లో స్వామి ముఖం ముందు ఒక శ్లోకం చదివేంత సేపు కదలకుండా నిలపాలి. అప్పుడు మంట కేసి చూడకూడదు, వెనక గోడ మీద పడే నీడ కేసి చూడాలి. "అంచులు రెపరెపలాడితే అది గాలి పనిరా. నీడ మొదలంటా ఊగితే మాత్రం గాలి కాదు, నీ చెయ్యి. ఆ రోజు పళ్లెం ఇంకొకరికి ఇచ్చెయ్యి" అనేవారు నాన్నగారు. ఒక సాయంత్రం ఆయనే నీడ కేసి చూసి, పళ్లెం నా చేతిలో పెట్టి మెట్లు దిగి వెళ్లిపోయారు. మళ్లీ గర్భగుడిలో అడుగు పెట్టలేదు.

వైశాఖం

అక్షయ తృతీయకి వారం ముందు నాకు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. పండగ నాడు పొద్దున్నుంచీ గుడి ముందు బళ్లు బారులు తీరాయి. పాదాల్లో ఒకటే తిమ్మిరి. చక్రాల కింద నిమ్మకాయలు పెడుతూ గొంతుక్కూర్చోవడం వల్ల కాబోలనుకున్నాను. మధ్యాహ్నానికి కొబ్బరికాయ ఒక్క దెబ్బకి పగల్లేదు. రెండో దెబ్బకీ పగల్లేదు. మూడోసారి చేతిలోంచి జారి కొత్త ట్రాక్టరు కిందికి దొర్లిపోయింది. ట్రాక్టరు కొన్న రైతు ముఖంలో రంగు మారింది.

"కాయ మరీ ముదురు బాబూ" అన్నాను. ఆ కాయ ఏ పాపమూ ఎరగదు.

గుడి ఎదురుగా అప్పల్నాయుడి మెకానిక్ షెడ్డు. చిన్నప్పుడు బళ్లో ఇద్దరం ఒకే బెంచీ. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏటి పంతులూ, కాయ కొట్టడం మర్సిపోనావేటి? ఆ కాళ్లేటలా ఈడుస్తన్నావు?"

"తిమ్మిర్రా."

"తిమ్మిరైతే పాదంలో ఉంటాది గానీ మోకాళ్లకెక్కుతాదేటి? నడు, ఆస్పత్రికెల్దాం."

"ఇంకా ఏడు బళ్లున్నాయిరా."

ఏడు బళ్లూ పూర్తి చేశాను. ఆ ఘనకార్యం గురించి చెప్పడానికే సగం ఇది రాస్తున్నాను. తిమ్మిరి పాదం దాటి పైపైకి పాకుతూంటే బళ్లూ ముహూర్తాలూ చూసుకోకండి, బయల్దేరండి. మర్నాడు పొద్దున్న నేను మంచం మీంచి లేవబోతే నాతోపాటు కాళ్లు రాలేదు. కాళ్లూ చేతులూ ఆడలేదని అందరం కంగారుకి వాడే మాట. నాకు అవి ఆడకపోవడం ముందు వచ్చింది, కంగారు దాని వెనక వచ్చింది.

అప్పల్నాయుడు షెడ్డులో బాగుకి వచ్చిన కారొకటి తీసి, నన్ను రెండు చేతుల మీద ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టి విశాఖపట్నం తీసుకెళ్లాడు. దారిలో ఒకే ఒక్క మాట అన్నాడు: "ఇంత తేలిగ్గా ఉన్నావేట్రా, పెసాదాలన్నీ ఎవులు తింతన్నారు?"

జ్యేష్ఠం

వైశాఖంలో మిగిలిన రోజులూ, జ్యేష్ఠమంతా ఆస్పత్రిలోనే గడిచాయి. జబ్బు పేరు గులియన్ బారీ అన్నారు. ఒంటిని కాపలా కాయాల్సిన సైన్యమే పొరబడి నరాల మీద పడుతుందిట. "తగ్గుతుంది. ఎప్పటికన్నది మాత్రం మీ నరాల ఇష్టం" అన్నాడు డాక్టరు. బారీ బారిన పడ్డవాణ్ణి, నరాల దయ మీద బతకాలని అప్పుడే అర్థమైంది.

వైద్యం సంగతులు నాకు తెలిసింది తక్కువ. తెలిసిందల్లా భయం. చేతులు పోయాయి, భుజాలు పోయాయి. నాలుగో రోజుకి గొంతు జీరపోయి, నమకం మొదలుపెడితే రెండు మాటలకే ఊపిరి అందలేదు. మంచం పక్కకి ఊపిరాడించే మిషను ఒకటి తెచ్చి పెట్టారు. తగిలించలేదు, ఊరికే నిలబెట్టారు. మూడు రోజులు అదీ నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇంక చేతులెత్తేద్దామనిపించింది. ఎత్తడానికి చేతులు లేవలేదు.

బయట వరండా సంగతులు నా భార్య కామేశ్వరి తరవాత చెప్పింది. ఇనప కుర్చీలు, ఒక తలుపు. తలుపు కిర్రుమంటే చాలు, అన్ని తలలూ ఒక్కసారి లేచేవిట. మొదటి రోజంతా ఈవిడ ఆ తలుపు ముందే నిలబడింది. టెక్కలి వైపు నుంచి వచ్చిన ఒక రైతు భార్య గోడ వార చాప పరుచుకుని ఉందిట. వాళ్లాయనకీ ఇదే జబ్బు, నా పక్క మంచమే.

"ఎంతసేపలా నిల్సుంటావమ్మా, ఇలగొచ్చి కూకో. మనం సూస్తే ఆ తలుపు తెరుసుకోదు" అని చాప సగం జరిపిందిట. "మావోడికి నిన్న కాలి బొటనేలు కదిలింది. మీ ఆయన మావోడి కన్నా పది రోజులు ఎనక, అంతే. పది రోజులు వేళ్ల మీద లెక్కెట్టుకో."

కామేశ్వరి నిజంగానే లెక్కపెట్టింది. పదో రోజు నా వేలు కదల్లేదు. పదకొండో రోజూ కదల్లేదు. ఆ రెండు రోజులూ ఆ మనిషి ఈవిడ చేత బలవంతాన అన్నం తినిపించిందిట. పన్నెండో రోజున కదిలింది. ఏ కార్యానికైనా నేను కాస్త ఆలస్యంగానే వెళతానని మా ఊళ్లో అందరికీ తెలుసు. ఆవిడకి తెలీదు పాపం.

ఆషాఢం

చక్రాల కుర్చీలో ఇంటికి వచ్చాను. ఎన్నో చక్రాలకి బొట్లు పెట్టిన నాకు చక్రాలు దక్కడం న్యాయమే అనుకున్నాను. గుడి చూసుకోవడానికి నెల్లిమర్ల నుంచి మా పినతండ్రి కొడుకు శంభు వచ్చాడు. బుద్ధిమంతుడు. కానీ వాడి గంట వేరు. కిటికీ లోంచి పొద్దున్నా సాయంత్రం అది వినపడేది, విన్నప్పుడల్లా ఒకే ప్రశ్న. పళ్లెం మళ్లీ నా చేతికి వస్తుందా, లేక నాన్నగారిలా నేనూ మెట్లు దిగిపోయినట్టేనా? ఆయనకి అప్పటికి డెబ్బై నిండాయి. నాకు యాభై రెండు.

వారానికి మూడుసార్లు ధనలక్ష్మి అనే ఫిజియో అమ్మాయి వచ్చేది. పలచటి మనిషే గానీ గొంతు మాత్రం బస్టాండు మైకు.

"పంతులు గారూ, కాళ్లు నేను నడిపిస్తాను. వేళ్లు మీరే తెచ్చుకోవాలి. శనగలూ పెసలూ కలిపేసి, ఒక్కో గింజా పట్టుకుని వేరు చెయ్యండి. రోజుకి రెండు పూట్లా."

పదిహేను రోజులు ఏరాను. పదహారో రోజున పళ్లెం మోచేత్తో నెట్టేశాను. "నాకు కావలసింది గుడి, గుగ్గిళ్లు కాదు!" అని అరిచాను కూడా. అరవడానికి ఊపిరి ఉందని అప్పుడే తెలిసింది.

కామేశ్వరి నేల మీద కూర్చుని గింజలన్నీ ఎత్తింది. ఆవిడ సావిట్లో పిల్లలకి సంగీతం చెప్పేది. నా మూలంగా రెండు నెలలుగా పాఠాలు లేవు. ఇంట్లో రెండు కాళ్ల మీద నిలబడ్డ మనిషి తనొక్కర్తే. నన్ను లేపడం, స్నానం చేయించడం, అన్నం కలిపి నోట్లో పెట్టడం, అన్నీ ఆవిడే. తలెత్తకుండా అంది:

"మీకు గుడి కావాలి. నాకు మీ కంచంలో మీ ముద్ద మీరు కలుపుకుంటే చాలు."



శ్రావణం

ఒక మధ్యాహ్నం అప్పల్నాయుడు అట్టపెట్టె ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. పెట్టె మీద నారింజరంగు కారు బొమ్మ. ముక్కు పొడుగ్గా, భుజాలు ఉబ్బి, ఎవరినో కొట్టడానికి వంగినట్టుంది.

"మజిల్ కారంటారు దీన్ని. అమెరికా బండి. ఫోన్లో సూసి తెప్పించాను. నీ బల్ల మీదెట్టుకో, శనగలు ఏరతా సూసుకుంటావని."

"మజిల్ అంటే?"

"కండలు. కండలున్న కారు."

"ఉన్న కండలన్నీ కరిగిపోయినవాడికి కండల కారు తెచ్చావా? బాగుందిరా."

పెట్టె విప్పాడు. లోపల కారు లేదు. ప్లాస్టిక్ చట్రాలకి కాయల్లా వేలాడుతూ నూటికి పైగా ముక్కలున్నాయి. పైన ఒక బొమ్మల కాయితం. అప్పల్నాయుడి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"ఇదేటి, విడి సామాను పంపీసారు! కట్టిన కారొస్తాదనుకున్నాను."

"నీ షెడ్డులో కార్లన్నీ ఇలాగే కదరా ఉంటాయి. ఇదీ నీకు బాగుకి వచ్చిందేమో."

వాడు నవ్వలేదు. ఒక చట్రం ఎత్తి వెలుగులో పట్టుకుని చూశాడు. నెమ్మదిగా ముఖం వికసించింది. "పంతులూ, ఇంజన్ కూడా ఇచ్చాడ్రా. ఎనిమిది సిలిండర్లు. ఇదిగో సైలెన్సరు. ఇదిగో గేరుబాక్సు." తన వేళ్ల కేసి చూసుకున్నాడు. "ఇది నువ్వే కట్టాలి. నా ఏళ్లు లావు."

అలా మొదలైంది. ధనలక్ష్మి పెట్టె చూసి "శనగల కన్నా ఇదే మేలు" అని తీర్పు చెప్పింది. గోళ్లు తీసే కత్తెరతో ముక్కని చట్రం నుంచి తుంచడం, అంచుని గరుకు కాయితంతో నున్నగా చెయ్యడం, జిగురు పెట్టి అతికించడం. చెప్పుకోవడానికి మూడే పనులు. మొదటి ముక్క తుంచడానికి నాకు ఒక పూట పట్టింది. జిగురు పెట్టిన మొదటి రోజు బొటనవేలూ చూపుడువేలూ అతుక్కుపోయాయి. ఇన్నాళ్లకి నా వేళ్లు ఒక మాట మీద ఉన్నాయి కదా అని సంతోషించాను. చిన్న ముక్కలకి కామేశ్వరి ముళ్లు తీసే చిన్న పట్టకారు ఇచ్చింది. పేరులోనే కారున్న పనిముట్టు, ఇంకేం కావాలి?

ఇచ్చింది గానీ, ఊరికే ఇవ్వలేదు. "ముద్ద కలుపుకోలేని చేత్తో కారుకి అద్దాలు అతికిస్తారా?" అంది. ఆవిడ అడిగింది అద్దాల గురించి కాదని నాకు తెలుసు.

భాద్రపదం

వినాయక చవితి వెళ్లిన మర్నాడు సంగీతం పాఠాలు మళ్లీ మొదలయ్యాయి. నేనిప్పుడు కుర్చీలో ఒక్కణ్ణే గంటల తరబడి కూర్చోగలను కనక ఆవిడకి చేతులు ఖాళీ అయ్యాయి. సావిట్లో పిల్లలు సరళీ స్వరాలు పాడుతూంటే, పక్కగదిలో నేను ఆ కాలానికే గరుకు కాయితం రుద్దేవాణ్ణి. మొదటి కాలంలో తలుపులు, రెండో కాలంలో బానెట్టు. మాయామాళవగౌళలో నునుపు తేలిన కారు ప్రపంచంలో ఇదొక్కటే అయ్యుంటుంది.

అప్పల్నాయుడు సాయంత్రాలు వచ్చి ఇన్‌స్పెక్షను చేసేవాడు. "ఇంజన్ తిరగేసి పెట్టీసావు, తియ్యి" అనేవాడు. తీసేవాణ్ణి. "సీటు వంకరుంది, డ్రైవరు పడిపోతాడు." సరిచేసేవాణ్ణి. కందిగింజంత పక్కద్దం నాలుగు రోజులు నన్ను ఏడిపించింది. పట్టుకుంటే చెయ్యి వణికేది, వణికితే అది ఎగిరిపోయేది. అయిదో రోజున ఊపిరి బిగబట్టి పెట్టాను, నిలిచింది. ఆ రోజు భోజనం దగ్గర కామేశ్వరి కలపబోతూంటే కంచం నా వైపు లాక్కున్నాను. సగం పప్పు ఒళ్లో పడింది. మిగిలిన సగం నా ముద్ద. ఆవిడ వంటింట్లోకి వెళ్లి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది.

రంగు పిచికారీ అప్పల్నాయుడు చేశాడు, షెడ్డులో, అసలు కారుకి వేసినట్టే ముక్కుకి గుడ్డ కట్టుకుని. ఆఖరిన బానెట్టు మీద నల్ల చారలు. నీళ్లలో నానబెట్టి జార్చి అతికించే పల్చటి కాయితాలవి. పంచపాత్రలో నానబెట్టి ఉద్ధరిణితో ఒక్కో చుక్కా వదులుతూ జార్చాను. ఆ పని మాత్రం ఎవరూ నేర్పలేదు. స్వామికి చందనం అలంకారం చేసిన వేళ్లకి ఆ మెత్తదనం గుర్తుంది.

మహాలయ అమావాస్య ముందర ఒక సాయంత్రం కారు పూర్తయింది. బల్ల మీద పెట్టి చూశాను. కొత్త బండి. కొత్త బండి ఎదురుగా ఉంటే నేనేం చేస్తాను? చేసేది ఒకటే నాకు వచ్చు. పసుపు, కుంకుమ, ముందు చక్రాల కింద రెండు నిమ్మగింజలు. కాయ పెడితే కారే కనపడదు. చిన్న పళ్లెంలో కర్పూరం వెలిగించి మూడుసార్లు తిప్పాను. అప్పుడు తట్టింది, ఇంతకాలం అడగడానికి భయపడ్డ ప్రశ్న ఇక్కడే అడగచ్చని. పళ్లెం కారు ముందు నిలిపి, శ్లోకం ఎత్తుకుని, గోడ కేసి చూశాను.

గోడ మీద కారు నీడ ఏనుగంత పడింది. అంచులు రెపరెపలాడాయి. నీడ మాత్రం నిలబడింది. మొదటి పాదం, నిలబడింది. రెండో పాదం, నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు, నాలుగు. ఆగలేక శ్లోకం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.

"ఏమిటండీ ఆ వాసన?" అంటూ కామేశ్వరి పరిగెత్తుకొచ్చింది.

"నీడ చూడు! కామేశ్వరీ, నీడ చూడు, కదలటం లేదు!"

"నీడ సరేనండీ, కారు చూడండి!"

చూశాను. కండల కారు మూతి వేలాడిపోయింది. బానెట్టు మీద రంగు బుడగలెత్తింది. ఒక హెడ్‌లైటు చెంప మీదికి జారింది. ప్లాస్టిక్ సంగతి నాకు తట్టనే లేదు. ఇన్నేళ్లలో నేను హారతిచ్చిన బండి ఏదీ కరగలేదు మరి. పళ్లెం దించి ఆవిడ ముఖం కేసి చూశాను, తిట్టడానికి ఎక్కడ మొదలుపెడుతుందోనని. ఆవిడ పెదవులు బిగించింది. బిగించలేకపోయింది. బల్ల పట్టుకుని నవ్వింది, నేల మీద కూలబడి నవ్వింది. వైశాఖం తరవాత ఆవిడ నవ్వు వినడం అదే.

అప్పల్నాయుడు వచ్చి కారు చేతిలోకి తీసుకుని, యాక్సిడెంటు బండిని చూసినట్టు అటూ ఇటూ తిప్పాడు.

"ఇన్సూరెన్సు రాదు పంతులూ" అన్నాడు ముందు. తరవాత వేలితో ఆ మెత్తబడ్డ చోటు తడిమి, నెమ్మదిగా అన్నాడు: "సూడు, రూపాయి బిళ్లంత సోటే కాలింది. ఆ సుట్టూ ఏటీ అవలేదు. ఎల్డింగు సేసేవోడి సెయ్యి కూడా ఇంత తిన్నగా నిలబడదురా."

"బాగు చెయ్యచ్చంటావా?"

"ఎందుకూ? అలగే ఒగ్గేయ్."

ఆశ్వయుజం

విజయదశమి నాడు చేతికర్ర సాయంతో గుడి మెట్లు ఎక్కాను. పదకొండు మెట్లు. ప్రతి మెట్టు దగ్గరా ఆగాను, ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు "నెమ్మదిగా పంతులు గారూ" అన్నారు. పూజకి వచ్చిన బళ్లన్నిటికీ ముందు, మొదటి స్థానంలో, ఒక ఇటిక మీద మూతి వేలాడిన నారింజరంగు కారు నిలబెట్టి ఉంది. అది ఎవరి పనో అడగక్కర్లేదు. షెడ్డులోంచి కేక వినపడింది: "దానికి బొట్టెట్టి ఒగ్గేయ్, హారతొద్దు!" బళ్లకి బొట్లు నేను పెట్టాను, కాయలు శంభు కొట్టాడు. కాయలు కొట్టడానికి నాకింకా ధైర్యం చాలలేదు.

సాయంత్రం గర్భగుడిలో శంభు పళ్లెం వెలిగించి నా వైపు చూశాడు. "అన్నయ్యా, నువ్వా, నేనా?"

ఎడమచెయ్యి ఇంకా పూర్తిగా రాలేదు. గంట పట్టుకుంటే వేళ్లు జారుతున్నాయి. వస్తుందంటుంది ధనలక్ష్మి. ఆ అమ్మాయి గొంతు విన్నాక రానని చెప్పే ధైర్యం ఆ చేతికి ఉంటుందనుకోను. "గంట నువ్వు తీసుకో" అన్నాను. పళ్లెం నేను తీసుకున్నాను.

ఇత్తడి పళ్లెం, అయిదు వత్తులు. బరువు గుర్తున్న దాని కన్నా ఎక్కువగానే ఉంది. కుడి నుంచి ఎడమకి, పై నుంచి కిందికి, మూడు చుట్లు. శంభు గంట ఆపాడు. పళ్లెం స్వామి ముఖం ముందు నిలిపాను. మంట కేసి చూడలేదు. వెనక రాతి గోడ మీద లింగం నీడ, మసి పట్టిన ఆ గోడ మీద మా తాతగారూ నాన్నగారూ చూసిన నీడే, లేచి నిలబడింది.

శ్లోకం మొదలుపెట్టాను. గొంతు ఎక్కడా తెగలేదు. నీడ అంచులు కొంచెం ఆడాయి, గాలి. మొదలు కదల్లేదు. శ్లోకం అయిపోయింది. పళ్లెం దించాలన్న ధ్యాసే రాలేదు నాకు. అలాగే చూస్తూ నిలబడిపోయాను. ఇంకాసేపు, ఇంకొంచెం సేపు.

గడప అవతల నుంచి కామేశ్వరి గొంతు మెల్లిగా వినిపించింది.

"ఇంక దించండి. ఆయన రాయే, కరగడు. అయినా చాలు."